యాదయ్య గిన్నెలో తెచ్చిన నీళ్ళు

నా ఉద్యోగ జీవితంలో నేను అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట "లేదు". సీసం: లేదు. పాదరసం: లేదు. కాడ్మియం: లేదు. ఆర్సెనిక్: లేదు. కింద నా సంతకం, పక్కన గుండ్రటి ముద్ర. నిజానికి ఆ మాటకు అర్థం "మేము తెచ్చుకున్న నీళ్ళలో మా యంత్రానికి అందినంతవరకు కనబడలేదు" అని. అంత పొడుగు వాక్యం రిపోర్టు గడిలో పట్టదు. అందుకని "లేదు" అని రాసేవాళ్ళం. చదివినవాళ్ళు నిజంగానే లేదనుకునేవారు. కొన్నేళ్ళకు మేమూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాం.

నీళ్ళలోనూ గాలిలోనూ విషలోహాలు వెతికే ప్రభుత్వ ల్యాబ్ మాది. ఈమధ్య అక్కడ కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికొచ్చి, "మేడం, ఉద్యోగం ఎలా చేయాలో చెప్పండి" అన్నారు. యంత్రం ఎలా నడపాలో వాళ్ళకు నాకంటే బాగా తెలుసు. సెలవు చీటీ ఎలా రాయాలో మొదటి వారంలోనే ఎవరో ఒకరు నేర్పేసి ఉంటారు. మిగిలింది నేను చేసిన తప్పు ఒక్కటే. అది చెప్తాను.

పూలకుండీల గాలి

ముందు మా పెద్దసారు గురించి చెప్పాలి. పెద్దసారంటే మా డైరెక్టరు. మంచి మనిషి, ఎవర్నీ పల్లెత్తు మాట అనేవారు కాదు. ఆయనకు ఒకటే సిద్ధాంతం. "అమ్మా విజయలక్ష్మీ, వెతికితే ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికితే రాయాలి. రాస్తే ఎవడో చదువుతాడు. ఎందుకొచ్చిన గొడవ చెప్పు?" అనేవారు. ఆ సిద్ధాంతంతోనే ఆయన రిటైరయ్యేదాకా ఒక్క మెమో కూడా అందుకోకుండా నెగ్గుకొచ్చారు.

తొంభైల చివరి రోజులు. మాదాపూర్ అంటే అప్పటికి గుట్టలు, గుట్టల మధ్య కొత్త రోడ్డు, రోడ్డు పక్కన ఒకటీ అరా అద్దాల మేడలు. మిగతాదంతా పునాదులు, కంకర దుమ్ము. ఒకరోజు ఎవరో విదేశీ అతిథులు వస్తున్నారని, హైటెక్ సిటీ గాలి ఎంత శుభ్రంగా ఉందో కొలిచి కాగితం ఇమ్మని మాకు పైనుంచి ఉత్తరం వచ్చింది. ఎంత శుభ్రంగా ఉందో అన్నారు గాని, ఉందో లేదో అనలేదు. అది గమనించండి.

నేనూ, శాంపిళ్ళు పట్టే యాదయ్యా వెళ్ళి రోడ్డు పక్కన యంత్రం పెట్టాం. పూట గడిచేసరికి దాని వడపోత కాగితం మాడిన అట్టులా తయారైంది. పెద్దసారు స్వయంగా వచ్చి చూసి, "యంత్రం తప్పుచోట పెట్టారమ్మా" అన్నారు. రోడ్డంతా ట్యాంకరుతో నీళ్ళు చల్లించి, యంత్రాన్ని ఒక అద్దాల మేడ వెనక, అప్పుడే దింపిన పూలకుండీల మధ్య పెట్టించారు. ఈసారి కాగితం మల్లెపువ్వులా వచ్చింది.

యాదయ్య కొండాపూర్ వాడు. అతని తాతలు జొన్నలు పండించిన చోట ఇప్పుడు కార్లు నిలబడతాయి. అతను ఆ కుండీలను ఎగాదిగా చూసి, "గీ కుండీల కాడికొచ్చి ఎవరు ఊపిరి పీలుస్తరు మేడం?" అన్నాడు.

నేను కడుపుబ్బ నవ్వాను. పెద్దసారు మీద అలా నవ్వుకోవడం నాకు అప్పట్లో ఇష్టమైన కాలక్షేపం. ఆయన చేసిన పనే కొన్నాళ్ళకు నేను చేయబోతున్నానని, అదీ నియమాల పుస్తకం చేతిలో పట్టుకుని మరీ చేస్తానని నాకు తెలియదు.

అల్యూమినియం లేని వంటిల్లు

మాదాపూర్లో శాంపిళ్ళకు వెళ్ళినప్పుడల్లా మా భోజనం కామేశ్వరమ్మ మెస్సులో. వాళ్ళది తెనాలి పక్క. మా ఊరికి దగ్గరే. భార్యాభర్తలు ఒక పెంకుటిల్లు కిరాయికి తీసుకుని సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకు రెండుపూటలా భోజనం పెట్టేవాళ్ళు. రెండువేల సంవత్సరం వస్తే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అప్పుడొక గగ్గోలు ఉండేది. ఆ గండం గట్టెక్కించే పని ఈ కుర్రాళ్ళది. ప్రపంచాన్ని కాపాడేవాళ్ళంతా ఒంటిగంటకల్లా కామేశ్వరమ్మ చారు కోసం చెప్పులు విడిచి వరసలో నిలబడేవారు.

ఆవిడకు అల్యూమినియం అంటే మంట. "అదంతా విషమండీ. మా వంటింట్లో ఒక్క అల్యూమినియం గిన్నె చూపించండి, మెస్సు మూసేస్తాను. అన్నీ మా అమ్మగారి ఇత్తడి గుండిగలేనండీ. నెలకోసారి కళాయి పెట్టిస్తాను" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఇత్తడిలో పులుపు కాస్తే చిలుమెక్కుతుంది కదా, అందుకని లోపల తగరం పూత పూయిస్తారు. అదే కళాయి. ఆ గుండిగలో చింతపండు చారు పొంగు రాకుండా మరుగుతుంటే వీధి చివరిదాకా వాసన వచ్చేది. విషలోహాల శాస్త్రం చదివిన నేను ఆ చారు రెండోసారి పోయించుకుని, "మీలాగా అందరూ జాగ్రత్త పడితే మాకు పనే ఉండదండీ" అని మెచ్చుకున్నాను. ఆవిడ పొంగిపోయింది.

వాళ్ళకు ఒక్కతే కూతురు, శ్రావణి. ఏడేళ్ళుంటాయి. ఆ పిల్ల ప్రత్యేకత ఎక్కాలు. పంతొమ్మిదో ఎక్కం దాకా గడగడా చెప్పేది. కుర్రాళ్ళు అన్నం కలుపుకుంటూ "పదిహేడు ఎనిమిదులు?" అని అడిగేవాళ్ళు. నోట్లో ముద్ద పెట్టుకునేలోపు జవాబు వచ్చేది. "అంకుల్, మీరు కంప్యూటర్ వాళ్ళు కదా, మీకు రాదా?" అని ఎదురు అడిగేది. వాళ్ళు సిగ్గుపడి నవ్వేవాళ్ళు. యాదయ్యకు ఆ పిల్లంటే ప్రాణం. తనకు పదో ఎక్కం దగ్గర బడి ఆగిపోయింది. పదకొండు నుంచి ఆమె దగ్గర నేర్చుకుంటున్నానని చెప్పేవాడు. నిజంగానే నేర్చుకున్నాడు.

ఆ ఏడాది వానాకాలం వెళ్ళేసరికి కుర్రాళ్ళకు కడుపునొప్పులు మొదలయ్యాయి. మలబద్ధకం, నీరసం, ఆకలి లేకపోవడం. ఒకడు కుర్చీలో ఎక్కువ కూర్చోవడం వల్ల అన్నాడు. ఒకడు ఏసీ వల్ల అన్నాడు. జీడిమెట్ల ఫ్యాక్టరీల నీళ్ళు భూమిలోంచి ఇక్కడిదాకా వచ్చేశాయని ఇంకొకడు కాగితం మీద బొమ్మగీసి మరీ నిరూపించాడు. మధ్యలో ఒక కుర్రాడికి అపెండిక్స్ అని ఆపరేషన్ చేశారు. ఆ అపెండిక్స్ పాపం ఏ తప్పూ చేయలేదు. తీసి చూస్తే నిక్షేపంలా ఉందట.

కుర్రాళ్ళు సెలవులు పెడుతుంటే ప్రపంచం ఏమైపోతుందోనని వాళ్ళ కంపెనీకి భయం పట్టుకుంది. మెస్సు బోరు నీళ్ళు పరీక్షించమని మాకు ఉత్తరం రాసింది.

పారబోశాను

శాంపిల్ పట్టడానికి ఒక పద్ధతి ఉంది. ముందుగా బోరు కాసేపు వదిలేయాలి. యాసిడ్‌తో కడిగిన ప్లాస్టిక్ బాటిల్ లోనే నీళ్ళు పట్టాలి. లోహాలు బాటిల్ గోడలకు అంటుకుపోకుండా నాలుగు చుక్కలు నైట్రిక్ యాసిడ్ వేయాలి. మూత బిగించి, చీటీ అంటించి తేవాలి. ఈ పద్ధతి మీద నాకు ఎంత పట్టుదలంటే, ల్యాబ్‌లో నన్ను వెనకాల "బాటిల్ మేడం" అనేవాళ్ళు.

ఆ రోజు యాదయ్య సైకిల్ గుంతలో పడి బాటిల్ పగిలింది. తిరిగి ల్యాబ్‌కు రావడం దూరమని, అతను కామేశ్వరమ్మనడిగి ఒక కళాయి గిన్నె తీసుకుని, కడిగి, అందులో నీళ్ళు పట్టాడు. యాసిడ్ చుక్కలు మాత్రం మర్చిపోకుండా అందులోనే వేశాడు. పైన పళ్ళెం మూసి, గుడ్డ కట్టి, సైకిల్ మెస్సు దగ్గరే వదిలేసి, తొణక్కుండా బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు.

నేను చూసుకోలేదు. ల్యాబ్ కుర్రాడెవరో దాన్ని బాటిల్లోకి ఒంపేశాడు. సీసం పరీక్షకు పెట్టగానే యంత్రం కలం కాగితం అంచుదాకా ఎగిరింది. అంత సీసం నేను ఫ్యాక్టరీ కాలవల్లో కూడా చూడలేదు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ ఎగిరింది. అప్పుడు యాదయ్యను పిలిచి అడిగితే సంగతి చెప్పాడు.

"బాటిల్ పలిగింది మేడం. గందుకే గంజుల తెచ్చిన. మంచిగ కడిగిన, యాసిడ్ గూడ ఏసిన."

"గిన్నెలో యాసిడ్ వేస్తావా? గిన్నె పూతలో ఉన్న చెత్తంతా దిగిపోదూ? ఎన్నేళ్ళయింది నీకు ఈ పని చేయబట్టి?" అని నలుగురిలో కడిగేశాను.

అతను తల దించుకుని అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "గది కాదు మేడం. ఆళ్ళు వండేది గా గంజులనే గదా. మీ బాటిల్ల ఎవరు వండుతరు?"

ఈ మాట మీరు రెండుసార్లు చదవండి. యాసిడ్ పోస్తే గిన్నెలోంచి సీసం దిగిందని నేనే అన్నాను. చింతపండు కూడా పులుపే. గుండిగలో గంటలకొద్దీ మరుగుతుంది. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు తెలిసిన రసాయనశాస్త్రం. నాకు డిగ్రీలున్నాయి, యంత్రం ఉంది, కాగితం మీద ఎగిరిన గీత ఉంది. పైగా ఎదురుగా నిలబడి దారి చూపించే మనిషి ఉన్నాడు. అయినా నాకు తట్టలేదు. ఎందుకంటే నేను నీళ్ళలో వెతుకుతున్నాను. నీళ్ళ ఉత్తరానికి నీళ్ళ జవాబే ఇవ్వాలి. గిన్నె నాకు ఆ రోజు శత్రువు, శాంపిల్‌ను పాడుచేసిన దొంగ.

రిజిస్టర్లో రాశాను: "తీసుకున్న తీరు సరికాదు. పారబోయడమైనది." మర్నాడు యాదయ్య సరైన బాటిల్లో సరైన పద్ధతిలో నీళ్ళు తెచ్చాడు. సీసం: లేదు. పాదరసం: లేదు. కాడ్మియం: లేదు. ఆర్సెనిక్: లేదు. పెద్దసారు ఆ రిపోర్టు చూసి, "ఇదీ పని అంటే" అని నా భుజం తట్టారు. నాకు సంతోషం వేసింది కూడా.

కామేశ్వరమ్మ ఆ రిపోర్టుకు అద్దం కట్టించి, భోజనాల గదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన వేలాడదీసింది. కింద నా సంతకం స్పష్టంగా కనబడేది. సర్కారువాళ్ళే బాగుందన్నారు కదా అని కుర్రాళ్ళు చారు ఇంకో గరిటె ఎక్కువ పోయించుకున్నారు.

కాగితం మీద గీత

నాలుగు నెలలు గడిచాయి. ఒక ఉదయం యాదయ్య నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"మేడం, కామేశ్వరమ్మ బిడ్డను దవాఖానల ఏసిండ్రు. కడుపునొస్తదని ఒక్కటే ఏడుపంట. రేపు కడుపు కోస్తరంట. అపెండిక్స్ అంటున్నరు."

మళ్ళీ అపెండిక్స్. నాకు అప్పుడు కూడా గిన్నె గుర్తు రాలేదు. ఏదో అనుమానం మాత్రం కుదురుగా కూర్చోనివ్వలేదు. ఇద్దరం బస్సెక్కి ముందు మెస్సుకు వెళ్ళాం. కామేశ్వరమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆమె భర్త సాయంత్రం వంటకు గుండిగలు సిద్ధం చేయిస్తున్నాడు. వాకిట్లో కళాయి లింగయ్య కొలిమి పెట్టుకుని కూర్చున్నాడు. గుండిగ కాల్చి, నవసాగరం చల్లి, ఒక బూడిదరంగు ముక్క లోపల తిప్పి, దూదితో సర్రున రుద్దాడు. గుండిగ లోపల వెండిలా మెరిసింది. చూడముచ్చటగా ఉంది.

నేను ఆ ముక్క చేతిలోకి తీసుకున్నాను. తగరానికి అంత బరువుండదు. గోరుతో గీరితే దిగింది. హ్యాండ్‌బ్యాగులోంచి బస్సు టికెట్టు తీసి దాని మీద గీశాను. పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత పడింది. తగరం అలా గీయదు. సీసం గీస్తుంది.

"ఇదెక్కడిది లింగయ్యా?"

"బ్యాటరీలదమ్మ. గీ కంపెనీలల్ల కరెంటు పోతె కంప్యూటర్లు నడిపే పెద్ద పెద్ద బ్యాటరీలుంటయి గదా. అవి పాతగైతె తుక్కుల పడేస్తరు. లోపటి పలకలు కరగబెడితె గిట్ల వస్తది. ఉత్త తగరం మొండిగుంటది. గిది జర కలిపితె మంచిగ పారుతది, మెరుస్తది."

"ఎన్నాళ్ళ నుంచి కలుపుతున్నావు?"

"వానలప్పటి సంది. కామేశ్వరమ్మ గూడ మెచ్చుకున్నది, గిప్పుడు మస్తు మెరుస్తున్నదని."

అతని చెయ్యి చూశాను. మణికట్టు వాలిపోయి ఉంది. సీసం నరాలకెక్కితే అలాగే వాలుతుంది. దూది పట్టుకోవడానికి రెండో చేత్తో ఆసరా ఇస్తున్నాడు. అతనికేమీ తెలియదు. రోజంతా ఆ పొగ పీలుస్తున్నవాడు అతనే.

ప్రపంచాన్ని కాపాడే కంప్యూటర్లకు కరెంటు ఇచ్చిన బ్యాటరీలు, ఆ కంప్యూటర్ల ముందు కూర్చునే కుర్రాళ్ళ చారులోకి వచ్చాయి. వాళ్ళతోపాటు, గుండిగ అడుగున చిక్కగా మిగిలిన చారు కోసం రోజూ మారాం చేసే ఏడేళ్ళ పిల్ల కంచంలోకి కూడా. నేను యాదయ్య వైపు తిరిగాను. "నేను అప్పుడే చెప్పిన" అని అతను అనొచ్చు. అనలేదు. కొలిమి వైపు చూస్తూ నిలబడ్డాడు. అన్నా బాగుండేది. నాకు నా మీద అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

గిన్నె ఎవరిది?

ఆసుపత్రిలో సర్జన్ నెరిసిన తల మనిషి. నేను చెప్పిందంతా విని, "మీరు ఏ డాక్టరండీ?" అన్నాడు.

"డాక్టర్ని కాదండీ. నీళ్ళు పరీక్షిస్తాను."

"నీళ్ళు పరీక్షించేవాళ్ళు కడుపులు చూస్తే మేమేం చేయాలమ్మా?" అన్నాడు. పక్కనున్న నర్సులు నవ్వారు. ఆ నవ్వు నాకు న్యాయంగానే అనిపించింది. నేను పట్టు వదల్లేదు. చారు గురించి, గుండిగ గురించి, లింగయ్య మణికట్టు గురించి మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. బస్సు టికెట్టు మీద గీత చూపించాను. ఆయన నవ్వు తగ్గింది. కామేశ్వరమ్మను కిటికీ దగ్గరికి పిలిచి నోరు తెరవమన్నాడు. పళ్ళ మొదట్లో, చిగుళ్ళ వెంట సన్నటి నీలి గీత. ఆయన చాలాసేపు చూశాడు.

"సీసం గీత. చదువుకునేటప్పుడు పుస్తకంలో చూశాను. మనిషి నోట్లో చూడటం ఇదే" అన్నాడు. పిల్లకు చేయబోయే ఆపరేషన్ ఆపించి, రక్తం వేరే పరీక్షకు పంపించాడు. సీసమే. ఆయన ఆ తర్వాత నాకు నమస్కారం పెట్టాడు. తప్పు ఒప్పుకోవడానికి మొహమాటపడని పెద్దమనుషులను నా ఉద్యోగంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ఒకరు.

ఆ సాయంత్రమే గుండిగ చారు పట్టుకెళ్ళి పరీక్షించాను. "సీసం: ఉంది" అని రాసి పెద్దసారు ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చారు మన జాబితాలో లేదు కదమ్మా" అన్నారు. నీళ్ళు మాది. తిండి ఇంకో శాఖది. ఆ శాఖను అడిగితే, చారులో వాళ్ళు వేసిన సరుకంతా బాగానే ఉంది, గిన్నె మా పరిధిలోకి రాదు అన్నారు. గిన్నె ఎవరిదని వాకబు చేస్తే ఏ శాఖదీ కాదని తేలింది. మీరు ఉద్యోగంలో చేరాక మొదట తెలుసుకోవలసింది ఇదే. ప్రమాదాలన్నీ ఎవరి శాఖా కాని చోటే మకాం పెడతాయి. శాఖలున్న చోట వాటికి ఊపిరాడదు, ఫైళ్ళ కింద అవి కూడా నలిగిపోతాయి.

చివరికి నేనూ యాదయ్యా సెలవు పెట్టి, మాదాపూర్ నుంచి కొండాపూర్ దాకా మెస్సులన్నీ తిరిగి చెప్పాం. కొందరు విన్నారు. కొందరు కొత్త గిన్నెల కంపెనీ ఏజెంట్లమనుకున్నారు. లింగయ్యను యాదయ్యే ఆసుపత్రిలో చేర్పించాడు.

శ్రావణిని ఇంటికి తీసుకొచ్చాక చూడటానికి వెళ్ళాను. కామేశ్వరమ్మ లోపలికి రమ్మంది, కుర్చీ వేసింది. అమ్మగారి గుండిగలన్నీ పెరట్లో బోర్లించి ఉన్నాయి. ఆవిడ గోడమీది అద్దాల పటం తీసి, కొంగుతో దుమ్ము తుడిచి, నా ఒళ్ళో పెట్టింది.

"ఇందులో లేదని రాశారు కదండీ?" అంది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. "ఆ ముందురోజు యాదయ్య మా గిన్నెలో నీళ్ళు పట్టుకెళ్ళాడు కదండీ, అందులోనూ లేదాండీ?"

ఉందని చెప్పాను. పారబోశానని కూడా చెప్పాను. "నా చేత్తో నేనే పోశానండీ పిల్లకి. అడుగు చారంటే ఇష్టమని దానికే దాచిపెట్టేదాన్ని" అని ఏడ్చింది. ఓదార్చే అర్హత నాకు లేదు. పక్కన కూర్చున్నాను, అంతే.

పదమూడో ఎక్కం

పిల్లకు కడుపునొప్పి పోయింది. రక్తం పట్టింది. బుగ్గలు వచ్చాయి. మెస్సు మళ్ళీ తెరిచారు, స్టీలు గిన్నెలతో. నేను, యాదయ్య భోజనానికి వెళ్ళాం. కుర్రాళ్ళు పాత అలవాటు కొద్దీ, "శ్రావణీ, పదమూడో ఎక్కం!" అన్నారు.

ఆ పిల్ల చేతులు కట్టుకుని నిలబడింది. "పదమూడు ఒకట్లు పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పదమూడు మూళ్ళు ముప్పై తొమ్మిది. పదమూడు నాలుగులు..." నెమ్మదిగా, వేళ్ళు మడుచుకుంటూ చెప్తోంది. "పదమూడు అయిదులు అరవై అయిదు. పదమూడు ఆర్లు..."

ఆగిపోయింది. వాళ్ళమ్మ వైపు చూసింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పుకొచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది. కుర్రాళ్ళందరూ కంచాల్లోకి చూస్తున్నారు.

సీసం వల్లే అని చెప్పలేమని, కాదని కూడా చెప్పలేమని డాక్టరు అన్నాడు. పిల్లల మెదడు మీద దాని పని అలాగే ఉంటుందట. చాలావరకు తిరిగి రావచ్చు, అంతా రాకపోవచ్చు. మొదట పట్టుకున్నప్పుడే ఆపి ఉంటే ఎలా ఉండేదో నేను ఆయన్ని అడగలేదు. నాకు తెలుసు. మొదట పట్టుకున్నది ఎప్పుడో మా రిజిస్టర్లో తేదీతో సహా ఉంది, నా చేతిరాతలో.

యాదయ్య కంచం ముందునుంచి లేచాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు.

"డెబ్బై ఎనిమిది, బిడ్డ" అన్నాడు. "నువ్వే నేర్పినవ్ నాకు."